అంతరిక్షయానానికి ఎవరి సొమ్ము? నష్టం ఎవరి ఖాతాలో?

సభకు నమస్కారం.

మనిషి అంతరిక్షంలోకి వెళ్ళడానికయ్యే ఖర్చును ప్రభుత్వం పెట్టుకోవాలా, ప్రైవేటు సంస్థలు పెట్టుకోవాలా అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఒకవైపు ప్రజాధనం, మరోవైపు కోటీశ్వరుల సొంత సొమ్ము నిలబడి పోటీ పడుతున్నట్టు మనం సాధారణంగా ఊహించుకుంటాం. లెక్కలు తీసి చూస్తే అలాంటి పోటీ ఎక్కడా కనిపించదు. మనిషిని భూకక్ష్యలోకి చేర్చిన ప్రతి ప్రైవేటు ప్రయత్నం వెనుకా ఏదో ఒక ప్రభుత్వ ఖజానా ఉంది. అమెరికా ప్రభుత్వం చేపట్టిన ప్రతి గొప్ప యాత్ర వెనుకా ప్రైవేటు కర్మాగారాలున్నాయి. అందుచేత సొమ్ము ఎవరిది అని అడిగి ఊరుకోకుండా, అనుకున్నదానికన్నా ఎక్కువ ఖర్చయితే ఆ నష్టం ఎవరు మోస్తారు, ప్రాణం పోతే ఎవరు జవాబు చెప్తారు అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటేనే ఈ విషయం తేటపడుతుందని నేను నమ్ముతున్నాను. ఈ రోజు నా మాటలన్నీ వాటి చుట్టూనే ఉంటాయి.

అపోలోతో మొదలుపెడదాం. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఆ కార్యక్రమానికి అమెరికా ప్రభుత్వం అప్పటి ధరల్లో 2,500 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. 1966లో ఆ దేశపు కేంద్ర బడ్జెట్టులో నాలుగు శాతానికి పైగా నాసాకే వెళ్ళింది. ఇప్పుడు ఆ వాటా అర శాతం కూడా లేదు. మరి ఆ డబ్బు తీసుకుని పనిచేసింది ఎవరు? చంద్రుడి మీద దిగిన వాహనాన్ని గ్రమ్మన్ సంస్థ తయారుచేసింది. వ్యోమగాములు కూర్చున్న కమాండ్ మాడ్యూల్ నార్త్ అమెరికన్ ఏవియేషన్‌ది. శాటర్న్-5 రాకెట్ మొదటి దశ బోయింగ్‌ది. ఆర్మ్‌స్ట్రాంగ్ తొడుక్కున్న దుస్తుల్ని డెలావేర్ రాష్ట్రంలోని డోవర్‌లో కుట్టుమిషన్ల ముందు కూర్చున్న స్త్రీలు కుట్టారు. వారిలో కొందరు అంతకుముందు ప్లేటెక్స్ లోదుస్తులు కుట్టినవారు. ఇరవైకి పైగా పొరలను ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్క కుట్టు తప్పినా లోపలి మనిషి బతకడని తెలిసి కుట్టారు. వారికి జీతమిచ్చింది ప్రైవేటు కంపెనీ, ఆ కంపెనీకి డబ్బు ఇచ్చింది పన్ను కట్టిన పౌరుడు.

కాబట్టి ప్రైవేటు సంస్థలు ఈ రంగంలోకి కొత్తగా వచ్చాయనడం సరికాదు. కొత్తగా వచ్చింది ఒప్పందం రాసుకునే తీరు. ఇల్లు కట్టించినవారికి ఈ తేడా వెంటనే బోధపడుతుంది. మేస్త్రీకి పని మొత్తం గుత్తకు ఇస్తే, ధర ముందే తేలిపోతుంది, ఇటుక ధర పెరిగినా ఆ బరువు అతనిదే. కూలి లెక్కన పెట్టుకుంటే, పని ఎన్నాళ్ళు సాగితే అన్నాళ్ళూ మనం చెల్లిస్తూ ఉండాలి. అపోలో నాటి ప్రధాన ఒప్పందాలు చాలావరకు రెండో రకానివి. కంపెనీకి అయిన ఖర్చంతా ప్రభుత్వం చెల్లించి, దానిపై లాభం కింద కొంత రుసుము కలిపి ఇచ్చేది. 1962లో అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం. చంద్రుడి మీద దిగడం ఎలాగో ప్రపంచంలో ఎవరికీ తెలియనప్పుడు, దానికి ఇంత అవుతుందని ముందుగా ధర చెప్పగల కంపెనీ ఎక్కడుంటుంది? చెప్పినా దాన్ని నమ్మి పని అప్పగించేదెవరు?

ఆ పద్ధతి దాని అవసరం తీరిపోయిన తర్వాత కూడా కొనసాగడంతోనే అసలు నష్టం మొదలైంది. 2010లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసి మరీ కట్టమన్న నాసా భారీ రాకెట్ ఎస్ఎల్ఎస్ 2016 చివరికల్లా సిద్ధం కావలసి ఉండగా, అది మొదటిసారి ఎగిరింది 2022 నవంబరు 16న. అదే ఏడాది మార్చిలో నాసా ఖర్చులను తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ పాల్ మార్టిన్ కాంగ్రెస్ ఉపసంఘం ఎదుట హాజరై, మనిషిని మళ్ళీ చంద్రుడి దగ్గరికి పంపే ఆర్టెమిస్ కార్యక్రమపు మొదటి నాలుగు ప్రయోగాల్లో ఒక్కొక్కదానికి 410 కోట్ల డాలర్లు అవుతుందనీ, ఇంత ఖర్చును ఎక్కువకాలం భరించడం సాధ్యం కాదనీ చెప్పారు. ఆ రాకెట్ అడుగున అమర్చే ఆర్ఎస్-25 ఇంజన్ల గతి చూడండి. అవి నాసా పాత నౌక స్పేస్ షటిల్ కోసం తయారైనవి, అంతరిక్షానికి వెళ్ళి తిరిగివచ్చి, విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ ఎగరడానికే పుట్టినవి. అలా పలుమార్లు ఎగిరిన ఇంజన్లనే తెచ్చి, ప్రయోగానికి నాలుగేసి చొప్పున సముద్రంలో కలిపేస్తున్నారు. ఇంజనీరింగ్ మీద ప్రేమ ఉన్న వాళ్ళెవరికైనా అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇక్కడ పనిచేసే ఇంజనీర్లు తక్కువవారు కారు. ఆలస్యమైనకొద్దీ ఖర్చు ప్రభుత్వానిది, రుసుము కంపెనీది అయినప్పుడు, తొందరగా ముగించడానికి ఎవరికీ కారణం మిగలదు. పైగా అనేక రాష్ట్రాల్లో ఉద్యోగాలు ఆ ఒప్పందాలమీదే ఆధారపడి ఉండడం వల్ల, ఆపమని చట్టసభలో అడిగేవారు కూడా కరువవుతారు.

రెండో దారి 2006లో తెరుచుకుంది. షటిల్‌ను పక్కనపెట్టాక అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేరవేసేదెవరన్న అవసరం ముందుకొచ్చినప్పుడు, నాసా తన రాకెట్ తాను గీయకుండా, "మీ వాహనం మీరే తయారుచేసుకోండి, మీ సొంత డబ్బు కొంత పెట్టండి, ఒక్కొక్క మజిలీ చేరాక మా వాటా చెల్లిస్తాం" అన్న షరతుతో కంపెనీలను పిలిచింది. ఎలాన్ మస్క్ స్థాపించిన స్పేస్ఎక్స్‌కు మొత్తం 39.6 కోట్ల డాలర్ల దాకా వచ్చింది. దానితోపాటు ఎంపికైన రాకెట్‌ప్లేన్ కిస్లర్ అనే సంస్థకు 20.7 కోట్లు ఇస్తామన్నారు. తన వంతు పెట్టుబడి తెచ్చుకోలేకపోవడంతో 2007లో దానిని తప్పించారు. అప్పటికి ఇచ్చింది సుమారు 3.2 కోట్లు మాత్రమే. నేను ఈ చిన్న సంఘటనకు చాలా విలువిస్తాను. ప్రజాధనంతో నడిచే కార్యక్రమంలో ఒక విఫల ప్రయత్నం అంత తక్కువలో, అంత త్వరగా ముగిసిపోవడం అరుదు. మిగిలిన డబ్బును ఆర్బిటల్ సైన్సెస్ సంస్థ వైపు మళ్ళించారు, అది కూడా ఆ తర్వాత సరుకులు చేరవేసింది.

స్పేస్ఎక్స్ విజయగాథ చెప్పేటప్పుడు చాలామంది 2008వ సంవత్సరాన్ని సగమే చెబుతారు. ఆ సంస్థ మొదటి రాకెట్ ఫాల్కన్-1 వరుసగా మూడుసార్లు విఫలమై, సెప్టెంబరు 28న నాలుగో ప్రయత్నంలో కక్ష్యకు చేరింది. అప్పటికి ఎలాన్ మస్క్ పెట్టిన సొంత సొమ్ము అడుగంటింది. సంస్థ మూతపడే స్థితిలో ఉండగా, డిసెంబరు 23న నాసా 12 సరుకు ప్రయాణాలకు 160 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. ఒక వ్యక్తి తెగింపు, ఆయన వెంట నడిచిన ఇంజనీర్ల శ్రమ లేకపోతే ఆ రాకెట్ ఉండేది కాదు. అలాగే ఆ ఒప్పందం రాకపోతే సంస్థ ఉండేదా అన్నది అనుమానమే. స్పేస్ఎక్స్ తయారుచేసిన డ్రాగన్ నౌక తిరిగివచ్చేటప్పుడు దానిని మంటలనుంచి కాపాడే కవచం సంగతి కూడా అలాంటిదే. కార్బన్ పీచుతో చేసి, ఫీనాలిక్ రెసిన్ పట్టించిన ఆ పదార్థం నాసా ఏమ్స్ కేంద్రంలో పుట్టింది. తోకచుక్క ధూళిని తెచ్చిన స్టార్‌డస్ట్ నౌక 2006లో దాన్ని తొడుక్కునే భూమికి చేరింది. స్పేస్ఎక్స్ దాన్ని తీసుకుని, నాసా శాస్త్రవేత్తల సహాయంతోనే, చౌకగా ఎక్కువ మోతాదులో తయారయ్యేలా మార్చుకుంది. ఆ సంస్థ గొప్పతనం ఆ మార్పులో ఉంది, దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. 2011లో నాసాయే లెక్కవేసి చూసుకుంది. డ్రాగన్‌ను మోసుకెళ్ళే ఫాల్కన్-9 రాకెట్‌ను తన పాత పద్ధతిలో రూపొందిస్తే దాదాపు 400 కోట్ల డాలర్లు అయ్యేదని తేలింది. స్పేస్ఎక్స్ దానికి పెట్టిన ఖర్చు 30 కోట్లు.

సరుకుల తర్వాత మనుషుల వంతు వచ్చింది. 2011 జులైలో అట్లాంటిస్ షటిల్ చివరిసారి నేలకు దిగాక తొమ్మిదేళ్ళపాటు అమెరికా తన వ్యోమగాములను రష్యా నౌక సోయుజ్‌లో పంపింది, ఆ సీటు ధర పోనుపోను 9 కోట్ల డాలర్లకు చేరింది. 2014 సెప్టెంబరులో మనుషులను చేరవేసే పనిని గుత్త పద్ధతిలోనే బోయింగ్‌కు 420 కోట్లకు, స్పేస్ఎక్స్‌కు 260 కోట్లకు అప్పగించారు. అప్పట్లో చాలామంది బోయింగ్‌ను నమ్మదగిన పెద్దమనిషిగా, స్పేస్ఎక్స్‌ను కుర్రకారుగా చూశారు. 2020 మే 30న నాసా వ్యోమగాములు బాబ్ బెన్కెన్, డగ్ హర్లీ డ్రాగన్‌లో ఎగిరారు. బోయింగ్ స్టార్‌లైనర్ 2019లో మనుషులు లేకుండా ఎగిరినప్పుడు దాని గడియారం 11 గంటల తేడాతో నడవడం వల్ల అంతరిక్ష కేంద్రాన్ని చేరలేకపోయింది. 2021లో కవాటాలు బిగుసుకుపోయాయి. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ ఎక్కి వెళ్ళినప్పుడు, కేంద్రానికి దగ్గరవుతుండగా నౌకను అటూ ఇటూ జరిపే 28 చిన్న ఇంజన్లలో (థ్రస్టర్లలో) ఐదు ఆగిపోయాయి, హీలియం కారింది. నౌక సెప్టెంబరులో ఖాళీగా తిరిగివచ్చింది. వారిద్దరూ 2025 మార్చిలో డ్రాగన్‌లో వచ్చారు.

ఈ కథలో రెండు పాఠాలున్నాయి, రెండూ ఒకే దిక్కుకు నడిపించవు. ఈ ఆలస్యానికి బోయింగ్ తన ఖాతాలో 200 కోట్ల డాలర్లకు మించి నష్టం రాసుకుంది. పాత పద్ధతే అయితే ఆ సొమ్మంతా పన్ను కట్టేవారి మీద పడేది. అలాగే ఇద్దరికి పని ఇవ్వడం వల్లే, ఒకరు విఫలమైనా వ్యోమగాములు ఇంటికి చేరారు. కానీ గుత్త ధర కూడా నిజంగా చెక్కుచెదరకుండా నిలవదు. ఒప్పందంలో ధర ముందే ఖరారైనా, బోయింగ్‌కు నాసా మరో 28.7 కోట్లు అదనంగా ఇచ్చిందని, అందులో చాలాభాగం అనవసరమని ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2019లో తప్పుపట్టింది. ప్రభుత్వానికి కంపెనీ అవసరం ఎంత పెరిగితే బేరమాడే శక్తి అంత తగ్గుతుంది.

ఆ మాట ఇంకా తీవ్రంగా బయటపడిన రోజు ఒకటుంది. 2025 జూన్ 5న అధ్యక్షుడు ట్రంప్‌తో మాటల యుద్ధం ముదిరినప్పుడు, డ్రాగన్ నౌకలను పక్కన పెట్టేస్తానని మస్క్ బహిరంగంగా ప్రకటించి, కొన్ని గంటల తర్వాత వెనక్కి తగ్గారు. అప్పటికి అమెరికా వ్యోమగాములను కేంద్రానికి చేర్చగల అమెరికా నౌక అదొక్కటే. ఒక దేశపు మానవ అంతరిక్షయానం ఒక వ్యక్తి కోపతాపాల మీద ఆధారపడే స్థితికి వచ్చిందంటే, ఆ తప్పు ఆ వ్యక్తి ఒక్కడిదే కాదు, రెండో దారి సిద్ధంగా లేకుండా చేసుకున్న వ్యవస్థది కూడా.

మరి ప్రభుత్వం ప్రమేయం లేకుండా, టికెట్ల సొమ్ముతోనే ఈ రంగం నడవగలదా? ప్రయత్నాలు జరగకపోలేదు. 2000 సంవత్సరంలో మిర్‌కార్ప్ అనే సంస్థ పెట్టుబడిదారుల డబ్బుతో ఇద్దరు రష్యా వ్యోమగాములను ఆ దేశపు అంతరిక్ష కేంద్రం మిర్‌కు పంపి రెండు నెలలకు పైగా ఉంచింది. ఆ కేంద్రం, ఆ సోయుజ్ సోవియట్ ఖజానా కట్టిన పునాది మీదివే. ఏడాది తిరగకుండానే మిర్‌ను పసిఫిక్‌లో కూల్చేశారు. 2001లో అమెరికా సంపన్నుడు డెన్నిస్ టీటో సుమారు 2 కోట్ల డాలర్లతో సోయుజ్‌లో వెళ్ళారు. అంగారకుడిపై శాశ్వత నివాసమంటూ ప్రపంచమంతటా దరఖాస్తులు పిలిచిన మార్స్ వన్ 2019లో దివాలా తీసింది. అమెరికా వ్యాపారవేత్త జారెడ్ ఐజాక్‌మన్ మాత్రం తన సొంత డబ్బు పెట్టి 2021లో, 2024లో కక్ష్యలో ప్రయాణించారు. రెండోసారి ఆయన, సారా గిల్లిస్ నౌక వెలుపలికి వచ్చి చేసిన నడక, ప్రభుత్వ వ్యోమగాములు కానివారు చేసిన మొదటి అంతరిక్ష నడక. ఆయనే 2025 డిసెంబరులో నాసా అధిపతి అయ్యారు.

వీటన్నిటికన్నా మనకు దగ్గరి ఉదాహరణ మన వ్యోమగామి శుభాంశు శుక్లా యాత్ర. 2025 జూన్ 25న బయలుదేరిన ఆక్సియమ్-4ను పత్రికలన్నీ ప్రైవేటు యాత్ర అనే రాశాయి. నౌక స్పేస్ఎక్స్‌ది, నిర్వహణ ఆక్సియమ్ అనే అమెరికా సంస్థది, కమాండర్ పెగ్గీ విట్సన్ ఆ సంస్థ ఉద్యోగి. మిగిలిన ముగ్గురినీ పంపింది భారత్, పోలండ్, హంగరీ ప్రభుత్వాలు. అంటే నాలుగు సీట్లలో మూడింటికి డబ్బు కట్టింది మూడు దేశాల ప్రజలు. వారు చేరుకున్నది ప్రభుత్వాలు కట్టిన అంతరిక్ష కేంద్రానికి. మనిషిని కక్ష్యకు చేర్చే సేవకు ఇప్పటికీ పెద్ద కొనుగోలుదారు ప్రభుత్వమే.

ఈ సందర్భంలో మన తెలుగువారి పేర్లు కూడా తలచుకోవాలి, ఎందుకంటే అవి ఈ తేడాలను స్పష్టంగా చూపిస్తాయి. తెలంగాణ మూలాలున్న రాజాచారి నాసా ఉద్యోగిగా, ప్రభుత్వం కొన్న ప్రైవేటు నౌకకు కమాండర్‌గా 2021 నవంబరులో వెళ్ళి ఆరు నెలలు కేంద్రంలో ఉన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన శిరీష బండ్ల అదే ఏడాది జులైలో తాను పనిచేసే వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో, విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ 2024 మేలో బ్లూ ఆరిజిన్ వాహనంలో అంతరిక్షపు అంచును చూసి కొన్ని నిమిషాల్లో తిరిగివచ్చారు. ఆ ప్రయాణాలు మనకు గర్వకారణమే. కక్ష్యలో నిలవాలంటే మాత్రం గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగం కావాలి, అంచును తాకి రావడానికి అందులో ఏడెనిమిదో వంతు చాలు. మొదటిది అన్వేషణకు దారి, రెండోది ఇప్పటికైతే విహారయాత్ర. రెండింటినీ ఒకే గాటన కట్టి, ప్రైవేటు సొమ్ముతో అంతా అయిపోతోందనడం పొరపాటు.

ఇప్పుడు ప్రాణం పోతే ఎవరు జవాబు చెప్తారన్న రెండో ప్రశ్నకు వస్తాను. 1986లో ఛాలెంజర్ షటిల్ పేలి ఏడుగురు మరణించినప్పుడు, అధ్యక్షుడు నియమించిన సంఘం టీవీ కెమెరాల ముందు విచారణ జరిపింది. ఆ సంఘంలోని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్, రాకెట్ అతుకుల్ని మూసే ఓ-రింగ్ రబ్బరు ముక్కను బిగించి చన్నీటి గ్లాసులో వేసి, బయటికి తీసి, చలికి అది తిరిగి విచ్చుకోవడం లేదని ప్రపంచమంతా చూస్తుండగా చూపించారు. కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న 2003 నాటి కొలంబియా షటిల్ ప్రమాదం మీద కూడా బహిరంగ నివేదిక వచ్చింది, అందులో నాసా పనితీరును ఏమాత్రం దాచకుండా విమర్శించారు. ప్రజలు డబ్బు పెట్టారు కాబట్టి అడిగే హక్కు ప్రజలకు ఉంది. టికెట్టు కొనుక్కుని వెళ్ళేవారి విషయంలో అమెరికా చట్టం వేరు. ప్రమాదం సంగతి వివరించి వారి సంతకం తీసుకుంటే చాలు. ప్రయాణికుల భద్రతకు ప్రభుత్వం నియమాలు విధించకుండా 2004 నుంచి నిషేధం ఉంది, దాన్ని పొడిగిస్తూ పోతున్నారు, ప్రస్తుతం 2028 దాకా అమల్లో ఉంది. పసికందులాంటి పరిశ్రమను నియమాలతో నలిపేయకూడదన్న ఉద్దేశం నాకు అర్థమవుతుంది. కానీ ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత కూడా ఆ వాదన చెల్లదని నా అభిప్రాయం.

మన దేశం ఇప్పుడు సరిగ్గా ఈ మలుపులోనే ఉంది. మన వ్యోమగాములను మన నౌకలోనే కక్ష్యకు పంపే గగన్‌యాన్‌కు 2018లో సుమారు 10,000 కోట్ల రూపాయలు అనుకున్నారు. 2024 సెప్టెంబరులో భారతీయ అంతరిక్ష కేంద్రపు మొదటి మాడ్యూల్‌ను కూడా చేర్చి 20,193 కోట్లకు పెంచారు. ఈ ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి, అందులో నాకు రెండో మాట లేదు. వ్యోమగాములు బతికి బయటపడే వ్యవస్థను, 2023 అక్టోబరులో శ్రీహరికోటలో పరీక్షించిన ఆ పారాచూట్లను, అత్యవసర మోటార్లను మొదటిసారి తయారుచేసేటప్పుడు ఏ కంపెనీ అయినా ముందుగా ధర చెప్పజాలదు, చెప్పకూడదు కూడా. ఇస్రోకు దశాబ్దాలుగా ఇంజన్ విడిభాగాలు అందిస్తున్న హైదరాబాద్ ఎంటార్, రాకెట్ మోటార్లకు ప్రత్యేక ఉక్కు పోసిన ప్రభుత్వ రంగ మిధాని, ఇస్రో నుంచి బయటికి వచ్చిన ఇంజనీర్లు హైదరాబాద్‌లో స్థాపించి 2022 నవంబరులో విక్రమ్-ఎస్ ఎగరేసిన స్కైరూట్ వంటి సంస్థలు మనకు ఉన్నాయి. చేతులు ఉన్నాయి, పని ఇచ్చే పద్ధతి ఇంకా కుదరలేదు. ఇలాంటి సంస్థల కోసం ప్రభుత్వం 1,000 కోట్ల రూపాయల పెట్టుబడి నిధి ప్రకటించడం మంచిదే, కానీ కంపెనీని నిలబెట్టేది పెట్టుబడి కాదు, నమ్మకంగా కొనే గిరాకీ.

2035 నాటికి మన అంతరిక్ష కేంద్రం సిద్ధం కావాలన్నది లక్ష్యం. అది కక్ష్యలో ఉన్నన్నాళ్ళూ దానికి నీరు, ఆహారం, ఇంధనం చేర్చాలి. ఆ సరుకు రవాణాను ఇస్రో తన నెత్తిన వేసుకోకుండా, ఇప్పటినుంచే ముందస్తు ధరకు, మజిలీల వారీ చెల్లింపుతో, ఒక్కరికి కాక ఇద్దరికి అప్పగించాలని నేను కోరుతున్నాను. ఆ ఒప్పందంలో మూడు షరతులు తప్పనిసరిగా ఉండాలి: పని సాగకపోతే చిన్న నష్టంతో తప్పించే హక్కు, ప్రజాధనంతో పుట్టిన పరీక్షా వివరాలు ప్రభుత్వం చేతిలో ఉండడం, సంస్థ యజమాని మనసు మారినా సేవ ఆగకుండా చూసే నిబంధన. చంద్రుడి దాకా మనిషిని పంపే 2040 నాటి లక్ష్యానికి మాత్రం గుత్త బేరం వద్దు. తెలియని దారి నడిచే భారం అందరిదీ కావాలి. ఇక 2017లో ముసాయిదా వెలువడిన అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ఇంతవరకు చట్టం కాలేదు. మన గడ్డ మీదనుంచి ఏదో ఒక రోజు ఒక సంస్థ మనుషులకు టికెట్లు అమ్ముతుంది. ప్రమాదం జరిగితే విచారణ ఎవరు చేస్తారు, నివేదికను ఎవరి ముందు పెడతారు, పరిహారం ఎవరు చెల్లిస్తారు అన్నవి ఆ మొదటి టికెట్టు అమ్ముడుపోకముందే పార్లమెంటు తేల్చాలి. మన పార్లమెంటు సభ్యులను ఈ సంగతి అడగమని మీ అందరినీ కోరుతున్నాను.

ఇక మీ ప్రశ్నలు వింటాను.